వాన గేటు కాడ

పోయిన నెల మా తమ్ముని బిడ్డ శ్రావణి ఇంటికొచ్చింది. పిల్లలకు టీకాలేయించే ఒక సంస్థల కొలువు చేస్తదామె. ఆరు నెలల కోసం మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌కు పంపుతున్నరట. మా ఖాందాన్‌ల ఆ దేశం చూసింది నేనొక్కదాన్నే కాబట్టి, వచ్చి కూర్చోంగనే ఫోన్ తీసి నా చేతిల పెట్టింది. అక్కడికి పోయేటోళ్లు ఎట్ల జాగర్తగ ఉండాలెనో ఏదో సర్కారు రాసిపెట్టిన కాయితమది. వేలుతోటి జరుపుతుంటె ఒడుస్తనే లేదు. పొద్దుగూకినంక ప్రయాణం చెయ్యొద్దు, ఒంటరి బండి మీద పోవద్దు, వంతెనలను, సిపాయిలను ఫోటో తియ్యొద్దు, కాయితాల నకళ్లు వేరే సంచిల పెట్టుకోవాలె, అవసరం లేకుంటె అసలు పోకనే పోవద్దు. "అత్తమ్మా, నువ్వెట్ల పోయినవు? నీకెవరు చెప్పిన్రు గివన్ని?" అని అడిగింది. నేను చశ్మా తీసి తుడుచుకున్న. నేను పోయిన కాలంల గిట్లాంటి కాయితమేది మా ఇంటిదాక రాలే. నాకు చెప్పింది బాపు. బాపు విజయవాడ దాటి ఎన్నడు పోలే.

బాపు సిటీ బస్సు డ్రైవరు. మా ఇల్లు శాలిబండల, పెద్ద రోడ్డు దిగి మూడు మలుపులు తిరిగితె వచ్చే గల్లీల ఉండె. రెండు అర్రలు, ముంగట చిన్న వాకిలి, వాకిట్ల నల్లా. పొద్దుగాల నల్లా వచ్చే చప్పుడుకే ఇల్లంత లేస్తుండె. అమ్మ బాపు ఖాకీ బట్టలకు గంజి పెట్టి ఆరేస్తుండె. ఆ గంజి వాసన, గాసునూనె స్టవ్ వాసన, పక్కింటి మెహరున్నీసా ఖాలా వంటింట్లకెళ్లి వచ్చే పుదీన, వేయించిన ఉల్లిగడ్డ వాసన, ఈ మూడు కలిస్తేనే నాకు మా ఇల్లు. బాపు ఒంటి మీది డీజిల్ వాసన ఎంత సబ్బు రుద్దినా పోకపోయేది. ఆయనకు కొన్ని అలవాట్లుండె. ఇల్లు విడిచేముందు స్టవ్ ఆరిందా అని రెండుసార్లు చూస్తుండె. డిపోల బస్సెక్కేముందు దాని చుట్టు ఒకసారి తిరిగి, ఒక్కొక్క టైరును పానాతోటి కొట్టి, చప్పుడు విని, అప్పుడు ఎక్కుతుండె. ఆదివారం చర్చికి పోయేటప్పుడు గూడ గడప దాటినంక ఆగి మమ్మల్ని లెక్కపెడుతుండె. ఉన్నదే నలుగురం. అమ్మ నవ్వేది గని ఆయన మానలే.

ఆ రోజుల్ల పాతబస్తిల కర్ఫ్యూ అంటె మాకు కొత్తేం కాదు. అమ్మ దాని కోసమని బియ్యం, గాసునూనె, అగ్గిపెట్టెలు ఎప్పుడు తక్కువ కానియ్యకపోయేది. కర్ఫ్యూ సడలించిన రెండు గంటలల్ల అమ్మ, ఖాలా కలిసి పాలకు పోయేటోళ్లు. ఒక్కరే పోతె తొందరగ అయ్యే పనే, గని ఇద్దరు కలిసే పోయేటోళ్లు, పక్కపక్కన నడుస్తుండిరి. ఏ మతమోళ్ల గల్లీ దాటినా ఒకరికొకరు తోడన్నట్టు.

నాకు పదేండ్లప్పుడు బడి ఇడిచినంక నయాపూల్ కాడ బాపు బస్సెక్కి ఇంటికొస్తుండేదాన్ని. ఆయన పక్కన ఇంజన్ డబ్బ మీద కూర్చునేదాన్ని. అది గరం గరం ఉండేది. ఒకరోజు మలుపు తిరుగంగనే ఎదురుంగ మంది కమ్ముకొని ఉన్నరు, చేతులల్ల కట్టెలు. ఏం లొల్లో మాకు తెల్వదు. బస్సుల ఆడోళ్లు, బడిపిల్లలు. వెనుకకు తిప్పు, వెనుకకు తిప్పు అని లోపల అందరు ఒకటే అరుపు. బాపు హారన్ కొట్టలే, వెనుకకు తిప్పలే. ఇంజన్ బంద్ చేసిండు. రెండు చేతులు అందరికి కనబడేటట్టు స్టీరింగ్ మీద పెట్టిండు. ఆ మందిల అందరి కంటె పెద్దమనిషి ఎవరా అని చూసి, తెల్లగడ్డపాయనకు తల వంచి సలాం చెప్పిండు. "బడే మియా, అందర్ బచ్చే హై. ఆప్ బోలే తో జాతూ, నై బోలే తో యహీచ్ బైఠ్తూ" అన్నడు. లోపల పిల్లలున్నరు, మీరు పొమ్మంటె పోత, వద్దంటె ఇక్కడనే కూర్చుంట అని. ఆ ముసలాయన చాలాసేపు బాపు మొఖం చూసిండు. తర్వాత చెయ్యి ఊపి మందిని పక్కకు జరిపిండు. ఇంటికొచ్చినంక బాపు గోడకానుకొని కూర్చొని ఒక చెంబు నీళ్లు మొత్తం తాగిండు. జరిగింది అమ్మకు నేనే చెప్పిన.

నర్సు చదువు అయినంక నేను నాలుగేండ్లు ఇక్కడనే ఒక దవాఖానల పనిచేసిన. చర్చికి వచ్చిన ఒక డాక్టరమ్మ మధ్య ఆఫ్రికాల పల్లె దవాఖానకు నర్సులు కావాలె, మూడేండ్ల పని అని చెప్పంగనే నాకు మనసు పడ్డది. అమ్మ ఏడ్చింది. బాపు అవుననలే, కాదనలే. నెలరోజులు ఆ ముచ్చటే ఎత్తలే. నేను ఇగ అయిపోయిందనుకున్న. ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటె ఆయన చేతిల పాత అట్లాసు ఉంది. నయాపూల్ ఫుట్‌పాత్ మీద కొన్నడట. దాన్ని చాప మీద పరిచి, అమ్మ కుట్టుపెట్టెలకెళ్లి దారం తీసి, రాజధాని బాంగీ నుంచి నేను పోయే ఊరిదాక పెట్టి కొలిచిండు. "ఇది రెండు దినాల తొవ్వ. మధ్యల నదులెన్ని ఉన్నయ్?" అని అడిగిండు. నాకు తెల్వదు. "తొవ్వ తెల్వకుంట ఎట్ల పోతవు బిడ్డా?" అన్నడు. పంపనన్న మాట ఆయన నోట రాలే కాబట్టి, పంపుతడని నాకు అప్పుడు సమజైంది.

ఆ తర్వాత రెండు నెలలు బాపు నా ప్రయాణం పని మీదనే ఉన్నడు. ఆఫ్రికా సంగతి తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా అని డిపోల అందరిని అడిగిండు. జూపార్కుల జంతువులు చూసుకునే మనిషి ఒకాయన బహదూర్‌పురాల ఉన్నడని ఎవరో చెప్తె నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకొని పోయిండు. ఆఫ్రికా జంతువులను సాదే మనిషికి ఆఫ్రికా ఎట్లుంటదో తెలుస్తదని ఆయన నమ్మకం. ఆ పెద్దమనిషి మాకు చాయ్ పోసి, మస్తు సిగ్గుపడుకుంట చెప్పిండు, అవి చిన్నగున్నప్పుడే పెట్టెలల్ల వచ్చినయ్, నాకు వాటి తిండి తప్ప వేరే ఏం తెల్వదు అని. వాపస్ వచ్చేటప్పుడు బాపు చార్మినార్ దాటినంక మెల్లగ మొదలుపెట్టిండు. "ఏడికి పోయినా తొవ్వ తొవ్వనే, మనుషులు మనుషులే. గుంపు కనబడితె ఇంజన్ బంద్. చేతులు కనబడాలె. పెద్దోళ్లకు ముందు సలాం. పొద్దుగూకేముందే ఎక్కడనో ఒకకాడ ఆగాలె. నీ బండి నడిపేటోడు వద్దంటె వద్దే. ఆయన కన్ను వేరే, నీ కన్ను వేరే." సైకిల్ తొక్కుకుంట, ఆయాసపడుకుంట చెప్పిన ఆ నాలుగు మాటలే నాకు దొరికిన కాయితం.

పల్లె దవాఖానల మా బండి నడిపేటాయన పేరు మార్సెల్. బాపు ఈడోడే. పొట్టి మనిషి, మాట తక్కువ. మా దగ్గర ఆపరేషన్ చేసే వసతి లేకుండె. కష్టం కాన్పులను వెనుక టాపున్న చిన్న లారీల పరుపేసి, పెద్ద టౌనుకు తీస్కపోయేటోళ్లం. నేను పోయిన రెండో వానకాలంల ఓదెత్ అనే పిల్లను తెచ్చిన్రు. ఇరవై ఏండ్లు గూడ ఉండయి. ఒక దినం, ఒక రాత్రి నొప్పులు పడ్డది. చెయ్యి పెట్టి చూస్తె బిడ్డ అడ్డంగ ఉంది. పొద్దు పొడువంగనే బయలెల్లినం. ఆ పిల్ల పక్కన వాళ్లమ్మ, ముందట మార్సెల్, నేను.

సగం తొవ్వల సిపాయిల గేటొచ్చింది. తొవ్వకడ్డంగ ఒక కట్టె, దాని పక్కన తుపాకులు పట్టుకున్న నలుగురు. మార్సెల్ ఇంజన్ బంద్ చేసిండు. నేను రెండు చేతులు కిటికీ మీద పెట్టి, వాళ్లల్ల పెద్దాయనను చూసి వాళ్ల సాంగో భాషల "బారా ఆలా" అని సలాం చెప్పిన. ఆయన నవ్వి, వెనుక ఉన్న పిల్లను చూసి, కట్టె లేపిచ్చిండు. నాకు మస్తు గర్వమైంది. బాపు చెప్పింది పట్టుకొని దునియా అంత తిరగొచ్చు అనిపించింది. నిజం చెప్పాలంటె, ఆయన చెప్పిన దాంట్ల సగమే నేను నేర్సుకున్న. పొమ్మంటె పోవుడు నేర్సుకున్న. వద్దంటె కూర్చునుడు నేర్సుకోలే.

పగటి యాల్ల పెద్ద వాన దంచి కొట్టింది. అక్కడి తొవ్వలు ఎర్రమట్టివి. వాన పడ్డంక పెద్ద బండ్లు పోతె తొవ్వ మొత్తం ఖరాబైతదని, ఊరూరికి ఒక వాన గేటు పెడతరు. వాన ఆగి నేల గట్టిపడేదాక కట్టె లేపరు. మేము ఆ గేటు కాడికి వచ్చేసరికి కాఫీ గింజల బస్తాలతోటి ఒక పెద్ద లారీ ఆగి ఉంది. గేటు చూసుకునే ముసలాయన ఓదెత్‌ను చూసి, మీది దవాఖాన బండి, చిన్నది, పోతమంటె పొండి, మీ ఇష్టం అని మార్సెల్‌కు చెప్పిండు. మార్సెల్ దిగి, చెప్పులిడిచి, కట్టె అవతల తొవ్వ మీద పది అడుగులు నడిచి వచ్చిండు. పోవద్దు అన్నడు. ముంగట వంతెన కాడికి పెద్ద దిగుడు ఉంటది, మట్టి సబ్బు తీరుగ అయింది, బండి జారితె ముందు పోయేది వెనుక పండుకున్న పిల్లే అని.

అంతల ఆ కాఫీ లారీ డ్రైవరు దిగి, గేటు ముసలాయన వద్దు వద్దంటున్నా వినకుంట తనే కట్టె లేపుకొని పోయిండు. ఇగ నాకు ఆగలే. వెనుక ఓదెత్ మూలుగుతుంది. పెద్ద లారీ పోతుంది, మనం పోలేమా అని మార్సెల్ మీద గరమైన. అప్పుడు నేను అనరాని మాట అన్న. "నీ బిడ్డ అయితె గిట్లనే కూర్చుంటవా?" మార్సెల్ నా దిక్కు ఒకసారి చూసిండు. తాళంచెవి తీసి అంగీ జేబుల వేసుకొని, కొమ్మలు కొట్టుకొచ్చి మా బండి పక్కన నీడ కట్టుడు మొదలుపెట్టిండు. గిన్నెడు నీళ్లు మరగబెట్టుమని గేటు ముసలాయనకు చెప్పిండు. ఊళ్లెకు పోయి కాన్పులు చేసే ఒక ముసలమ్మను పిలుసుకొచ్చిండు.

ఆ ముసలమ్మకు నా భాష రాదు, నాకు ఆమెది అరకొర వస్తది. ఆమె ఓదెత్‌ను చేతులు, మోకాళ్ల మీద వంగబెట్టి, నడుముకు గుడ్డ చుట్టి, మెల్లమెల్లగ ఊపింది. తొట్టెల ఊపినట్టు, తొందర లేకుంట. నొప్పి వచ్చినప్పుడు ఆపుతుంది, పోంగనే మల్ల ఊపుతుంది. నడుమ నడుమ నా చెయ్యి పట్టుకొని పొట్ట మీద పెట్టి, ఇక్కడ, ఇప్పుడు నెట్టు అని సైగ చేస్తుంది. పుస్తకంల చదివిన పనే అది, గని గంత ఓపికతోటి చెయ్యొచ్చని నాకు తెల్వదు. ఎంతసేపటికో బిడ్డ తల కిందికి తిరిగింది. మా ఇద్దరికి ఒకటేసారి చేతికి తెలిసింది. పొద్దుగూకకముందే ఆడపిల్ల పుట్టింది. ముందు ఏడ్వలే. ముసలమ్మ వీపు రుద్దంగ, రుద్దంగ, పిల్లి కూసినంత చప్పుడైంది. ఓదెత్‌కు నెత్తురు బాగ పోయింది. నా దగ్గరున్న సూది ఇచ్చిన. నెత్తురు నిలబడ్డది. ఆ రాత్రి అక్కడనే ఆగినం.

తెల్లారి నేల గట్టిపడ్డంక బయలెల్లినం. దిగుడు కాడ ఆ కాఫీ లారీ పక్కకు పడి ఉంది. బస్తాలు పలిగి గింజలు బురదల పరుసుకున్నయ్. ఊరోళ్లు కొందరు గుంపుగ నిలబడ్డరు. మార్సెల్ బండి ఆపి దిగిపోయిండు. నేను ముందట సీట్ల బిడ్డను ఒళ్లె పెట్టుకొని కూర్చున్న. మేం బతికినమన్న ఒక్క సంతోషం తప్ప నాకు వేరే ఏం ఆలోచన లేదు. ఆయన ఎంతసేపటికి రాకపోతె కిటికీలకెళ్లి తల పెట్టి, జల్ది రా, తల్లిని తీస్కపోవాలె అని పిలిచిన. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంట వచ్చి బండి తోలిండు. టౌన్ దవాఖానల ఓదెత్ వారం రోజులుండి, బిడ్డతోటి ఇంటికి పోయింది.

ఆ ఏడు చివర సెలవు మీద ఇంటికొచ్చిన. వాకిట్ల నులక మంచం మీద బాపు, గడప కాడ అమ్మ, మధ్య గోడ మీదికెళ్లి మెహరున్నీసా ఖాలా. పొద్దటి చాయ్ మొదలు ఈ కథంత చెప్పిన. సిపాయిల గేటు కాడ బాపు సలాం ఎట్ల పనిచేసిందో చెప్పిన. మార్సెల్‌ను అన్న మాట గూడ చెప్పిన, నాది తప్పని ఒప్పుకున్న. బిడ్డ పుట్టిన కాడ ఖాలా కండ్లు తుడుచుకుంది. పక్కకు పడ్డ లారీ ముచ్చట చివరకు చెప్పిన, చూసిన్రా మేమెట్ల తప్పించుకున్నమో అన్నట్టు. అందరు ఊపిరి పీల్చుకున్నరు. బాపు మాత్రం కప్పు కింద పెట్టి అడిగిండు.

"ఆ డ్రైవరు బతికిండా?"

నాకు తెల్వదు. బాపు కోపం చెయ్యలే, మల్ల అడగలే. లేచి నల్లా కాడికి పోయి మొఖం కడుక్కున్నడు. నేను నర్సును. పడ్డ బండిని కండ్లార చూసిన. అందుట్ల మనిషి ఉంటడన్న సోయి నాకు గంతదూరం వచ్చి, మా వాకిట్ల కూర్చున్నంక వచ్చింది.

సెలవు అయిపోయి వాపస్ పోంగనే మార్సెల్‌ను అడిగిన. ఆయన బండి చక్రం విప్పుకుంట నింపాదిగ చెప్పిండు. ఆ డ్రైవరు పేరు బెర్నార్. కాలు రెండుకాడ్ల విరిగింది. ఆ తెల్లారి మార్సెల్ దిగి చేసింది అదే, రెండు కట్టెలు పెట్టి కాలు కట్టి, మా బండిల జాగ లేక, వెనుకొచ్చే బండిల దవాఖానకు చేర్పియ్యమని ఊరోళ్లకు చెప్పిండు. నాలుగు నెలలు మంచంల పడి, ఇప్పుడు కుంటుకుంట మల్ల లారీ నడుపుతుండు. నన్నెందుకు పిలువలే, నేను నర్సును కద అని అడిగిన. "మదామ్, నీ చేతుల బిడ్డ ఉండె కద" అన్నడు. నన్ను తక్కువ చెయ్యొద్దని అన్నడో, నిజంగనే గట్ల అనుకున్నడో, ఇప్పటికి నాకు తెల్వదు. నేను ఆయనకు ఆ రోజు అన్న మాటకు మాఫీ అడిగిన. ఆయన సరే అని, పానా అందియ్యమన్నడు.

ఇదంత ఏం దాయకుంట బాపుకు ఉత్తరం రాసిన. ఉత్తరం పోవుటానికి ఐదు వారాలు, రావుటానికి ఐదు వారాలు. శ్రావణి ఫోన్ల ఆమె ఏడ ఉందో వాళ్లమ్మకు నిమిషం నిమిషం కనబడుతదట, ఒక నీలం చుక్క తీరుగ. మంచిదే. మా అమ్మకు గసొంటి చుక్క ఒకటి ఉండుంటె గంత ఏడువకపోయేది. ఆ కాయితంల రాసినయి గూడ అన్ని నిజాలే. పొద్దుగూకినంక పోవద్దు, వంతెనల ఫోటోలు తియ్యొద్దు, ఒక్కటి తప్పు లేదు. అన్ని చదివి, అన్ని పాటించుమనే చెప్పిన పిల్లకు. గని నన్ను నేను కాపాడుకునుడే జాగర్త అనుకుంట నేనొక ఏడాది గడిపిన. బాపుకు జాగర్త అంటె తొవ్వ మీద ఉన్నోళ్లందరిది. గడప కాడ లెక్కపెట్టేటప్పుడు ఆయన ఎంతదాక లెక్కపెడుతుండెనో అప్పుడు నాకు ఏం తెలుసు. శ్రావణికి ఇది ఎట్ల చెప్పాలెనో తోచక, పోంగనే బండి నడిపేటాయన పేరు అడుగు, ఇంట్ల ఎవరెవరు ఉన్నరో అడుగు అని మాత్రం చెప్పిన. ఫోన్ల రాసుకుంది.

నా ఉత్తరానికి బాపు జవాబు రెండు వరుసలే. డ్రైవరు మల్ల బండెక్కిండంటె మంచిగైంది, మార్సెల్‌కు నా సలాం చెప్పు అని. కింద అమ్మ తన చేతితోటి రాసింది, మీ బాపు నీ ఉత్తరం డిపోకు తీస్కపోయి అందరికి చదివి వినిపించిండు అని. నాకు మస్తు సిగ్గైంది. నా తప్పంత ఉంది దాంట్ల. గని డిపోల వాళ్లకు నా తప్పు గుర్తులేదు. మూడేండ్లు నిండి వాపస్ వచ్చినంక, శాలిబండల నేను బస్సెక్కినప్పుడల్లా ఎవరో ఒక డ్రైవరు గుర్తుపట్టేటోడు. ఫలానా అన్న బిడ్డవు కద అని జాగ ఇప్పిచ్చేటోడు. గేరు మార్చుకుంట, తొవ్వ మీదికెళ్లి చూపు తియ్యకుంటనే మొదటి ముచ్చట అడిగేటోడు.

"బెర్నార్ భాయ్ మంచిగున్నడా, బేటీ? కాలు నొప్పి తగ్గిందా?"

నా సంగతి తర్వాత అడిగేటోళ్లు.